చిన్నమ్మ రాయని చివరి పేజీ

పోయిన చలికాలంలో ఒక ఆదివారం పొద్దున, ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలవాళ్లు ఇంకా పట్టాలు పరుస్తుండగానే, మా చిన్నాయన చెయ్యి పట్టుకొని ఆటో దిగాను. ఆయనకు తొంభై దాటాయి. చూపు దాదాపు పోయింది, చెవులు వాటికి బుద్ధి పుట్టినప్పుడు పనిచేస్తాయి, చొక్కా ఇస్త్రీ మాత్రం ఈనాటికీ నలగనివ్వడు. మా చిన్నమ్మ రాసిన నవలను ఎవరో పిల్లలు మళ్లీ అచ్చువేస్తున్నారట, ఆ సందర్భంగా చిన్న సభ పెట్టుకున్నారట, కుటుంబం తరఫున మేమిద్దరం వచ్చి ముందు వరసలో కూర్చోవాలట. కుటుంబమంటే ఇప్పుడు మిగిలింది మేమిద్దరమే కాబట్టి కాదనడానికి లేకపోయింది. కబురు అందిన రోజు నుంచీ ఆయనకు అదే ధ్యాస; ఏ చొక్కా వేసుకోవాలి, ఆటోలో పోదామా మెట్రోలో పోదామా, తనను మాట్లాడమంటే ఏం మాట్లాడాలి అని నా ప్రాణం తోడేశాడు.

సభ ఒక బట్టల దుకాణం పైన మేడ మీద. మెట్లెక్కేసరికి మా ఇద్దరి పనీ అయిపోయింది. మాట్లాడిన నలుగురిలో ముగ్గురు నా ఈడువాళ్లు, అంటే చిన్నమ్మ గురించి మొదలుపెట్టి తమ గురించి ముగించినవాళ్లు. నాలుగో ఆమె కాలేజీలో పాఠాలు చెప్పే చిన్నపిల్ల, కొత్త ముద్రణకు ముందుమాట రాస్తున్నది ఆ అమ్మాయే. ఆమె మాట్లాడుతుంటే నేను నిటారుగా కూర్చున్నాను, ఎందుకంటే నవలను నిజంగా చదివిన మనిషి ఆ గదిలో మేమిద్దరం కాక ఆమె ఒక్కతే అనిపించింది. ఒక మామూలు ఆడమనిషి ఒక్క రోజు, పొద్దున నల్లా నీళ్ల దగ్గర మొదలుపెట్టి సాయంత్రం దాకా మనసులో అనుకున్నదంతా అడ్డూ ఆపూ లేకుండా పారించిన నవల అది, కథానాయకుడు లేడు, కష్టాలు లేవు, కన్నీళ్లు లేవు, ఉన్నదల్లా తన బుర్ర తనదేనా అని అడుగుతున్న ఒక మనిషి, ఆ రోజుల్లో అలా రాయడానికి ఎంత గుండె కావాలి అన్నది. తర్వాత గొంతు కొంచెం తగ్గించి, ఇంత నడిపిన రచయిత్రి చివరి పేజీలో భయపడిందని, ఇల్లు వదిలి వచ్చిన ఆ మనిషిని మళ్లీ ఇంటికి తోలి దీపం పెట్టించిందని, వాక్యంలో తిరుగుబాటు చేసి ముగింపులో లొంగిపోయిందని చెప్పింది. మా చిన్నాయనకు సగం వినపడి, సగం వినపడక, చిన్నమ్మ పేరు వచ్చిన ప్రతిసారీ చప్పట్లు కొడుతున్నాడు.

ఆ చివరి పేజీ మా చిన్నమ్మ రాయలేదు. ఆ సంగతి తెలిసిన మనిషిని ఇప్పుడు నేనొక్కతినే ఉన్నాను, తెలియకూడని మనిషి నా పక్కనే కూర్చొని ఉన్నాడు. లేచి మైకు అందుకుందామని మనసు కొట్టుకుంటున్నది, ఆయన చెయ్యేమో నా మోకాలి మీద ఉన్నది. ఎందుకు లేవలేకపోయానో చెప్పాలంటే చాలా వెనక్కి పోవాలి.

చిన్నమ్మ మా అమ్మకు చెల్లెలు. మా నాయిన ఉస్మాన్‌గంజ్‌లో ఒక మిర్చి దుకాణంలో గుమాస్తా. ఇంట్లో పిల్లలం ఎక్కువ, గదులు తక్కువ, ఘాటుకు ఎప్పుడూ ఎవరో ఒకరం తుమ్ముతూ ఉండేవాళ్లం. చిన్నమ్మకు పిల్లలు లేరు, బడి కూడా దగ్గరని నన్ను నాంపల్లిలో వాళ్లింటికి పంపారు, పంపడమంటే ఇచ్చేసినట్టే. స్టేషన్ వెనక సందులో రెండు గదుల కిరాయి పోర్షన్, వాకిట్లో నలుగురికీ కలిపి ఒకటే నల్లా. చిన్నాయన సర్కారు దఫ్తర్‌లో క్లర్కు, భార్య రాస్తుందని నలుగురికీ చెప్పుకొని తిరిగే భర్తను ఆ సందులో అంతకుముందు ఎవరూ చూడలేదు. కొందరు నవ్వేవాళ్లు. ఆయన వాళ్ల కంటే గట్టిగా నవ్వేవాడు.

ఆమె రాసే తీరు కూడా వింతే. బల్ల దగ్గర కూర్చొని రాయడం ఆమెకు చేతకాదు. మధ్యాహ్నం పని తీరగానే సంచీ పట్టుకొని నాంపల్లి నుంచి మొజంజాహీ మార్కెట్ దాకా నడిచిపోయి, అరడజను బత్తాయిలో ద్రాక్షగుత్తో కొనుక్కొని, నడిచి వచ్చేది. ఆ నడకంతా పెదవులు కదులుతూనే ఉండేవి. జపం చేసుకుంటున్నదనుకొని దుకాణాలవాళ్లు దారి ఇచ్చేవాళ్లు. వాక్యం ఎంత పొడుగుండాలో నా కాళ్లు చెప్తయి అనేది నాతో. నేను పక్కన నడుస్తున్నా ఒక్క మాట మాట్లాడకూడదు, మాట్లాడితే వాక్యం తెగుతుంది, తెగితే మళ్లీ వెనక్కి పోయి దవాఖాన మలుపు దగ్గర నుంచి నడవాలి. ఎండాకాలంలో ఒకసారి అట్లా మూడుసార్లు నడిపించింది, ఇంటికొచ్చి నేను జ్వరం తెచ్చుకుంటే పాపమని మార్కెట్లో ఐస్‌క్రీం తినిపించింది. జ్వరానికి ఐస్‌క్రీం పెట్టిన మనిషిని మీరెక్కడైనా చూశారా, మా అమ్మ ఆ ముచ్చట చెప్పి చెప్పి తిట్టేది.

ఇంటికొచ్చాక వంటింటి గడపలో కూర్చొని, ఒళ్లో పీట పెట్టుకొని, నడకలో కట్టుకున్నదంతా కాగితం మీద దించేది. దించాక నా పని. నేను పైకి చదవాలి, ఆమె కళ్లు మూసుకొని వినాలి. నా ఊపిరి ఆమె అనుకోని చోట ఆగితే అక్కడ కొట్టేసి మళ్లీ రాసేది. నువ్వు ఆగినకాడ వాళ్లు గూడ ఆగుతరు బిడ్డా అనేది, వాళ్లు అంటే వారపత్రిక చదివేవాళ్లు. అలా నలగ్గొట్టి సాపు చేసిన ప్రతి ఒక్కటే పత్రికకు పోయేది, చిత్తుకాగితాలు నీళ్లు కాగే పొయ్యిలోకి పోయేవి. నకలు దాచుకోవాలన్న ఆలోచన ఆమెకు లేదు, ఆ రోజుల్లో మా ఎరుకలో ఎవరికీ లేదు. అచ్చయిందంటే అదే నకలు.

నవల వారం వారం వస్తుంటే సందంతా రెండు ముక్కలైంది. ఇందులో కథేదీ అని మగవాళ్లు, నల్లా దగ్గర బిందె పెట్టుకొని నేననుకున్నదే ఈమెకెట్ల తెలిసింది అని ఆడవాళ్లు. ఈమెకు మొగుడు లేడా అని ఎవరో పత్రికకు రాస్తే, చిన్నాయన అది చదివి పడీపడీ నవ్వి, "ఉన్నడు, బజ్జీలు ఏంచుతున్నడు అని రాయి" అన్నాడు. నిజంగానే ఆ రోజు బజ్జీలు ఆయనే చేస్తున్నాడు. ప్రతి వారం పత్రిక రాగానే, అందరూ చదవడం అయ్యాక, ఆ పేజీలు కత్తిరించి వరసగా పెట్టేది కూడా ఆయనే. సీరియళ్లు కత్తిరించి కుట్టుకోవడం ఆ కాలంలో ఇంటింటా ఉన్న అలవాటే, మీలో చాలామంది ఇళ్లల్లో అలా దబ్బనంతో కుట్టిన పుస్తకాలు ఉండే ఉంటాయి. చిన్నాయన కుట్టినదానికి పాత క్యాలెండర్ కాగితం అట్ట, దాని మీద ముత్యాల్లాంటి అక్షరాలతో చిన్నమ్మ పేరు.

చిన్నాయన దఫ్తర్ నుంచి ఇంకా రాకముందే చివరి భాగం నేను చదివి వినిపించిన సాయంత్రం ఇప్పటికీ మనసులో అట్లాగే ఉంది. నవలలోని ఆ మనిషి కూరగాయలకని బయలుదేరి, నడిచి నడిచి, నాంపల్లి స్టేషన్‌లో ఒక బెంచీ మీద కూర్చుంటుంది. టికెట్ కొనదు. ఇంటికీ పోదు. పక్కన కూర్చున్న ముసలామె ఎటు పోవాలె బిడ్డా అని అడిగితే జవాబు కోసం వెతుక్కుంటుంది, తన దగ్గర జవాబు లేదని తెలుస్తుంది, లేనందుకు భయం వేయకపోగా ఒళ్లు తేలికవుతుంది. అక్కడితో అయిపోయింది. చివరి వాక్యం నేను ఎక్కడా ఆగకుండా చదివాను. చిన్నమ్మ కళ్లు తెరిచి, కొట్టేసేది ఏమీ లేదన్నది. ఆమె నోట ఆ మాట నేను విన్నది అప్పుడొక్కసారే.

అయితే ఆ భాగం పడవలసింది దీపావళి సంచికలో. పండుగ సంచిక అంటే ఆ రోజుల్లో పత్రికలకు ఒక పట్టింపు ఉండేది, అందులో ఏ కథా అశుభంతో ముగియకూడదు, జోకులూ వంటలూ రాశిఫలాలూ అన్నీ చల్లగా ఉండాలి. ఇక దీపావళి నాడు ఇల్లాలు లేని ఇల్లు, దీపం పెట్టే దిక్కులేని గుమ్మం అచ్చువేస్తారా? సంపాదకుడు పెద్దమనిషి, చెడ్డవాడు కాదు. తనే కలం పట్టి ఒక పేజీ రాసి అతికించాడు. ఆమె బెంచీ మీద నుంచి లేస్తుంది, మసక చీకట్లో ఇల్లు చేరుతుంది, వాకిట్లో దిగులుగా కూర్చున్న భర్త ఆమెను చూసి కంటతడి పెడతాడు, ఆమె దీపం వెలిగిస్తుంది, కింద శుభం. ఆ సంచికతో పాటు మిఠాయి డబ్బా కూడా పంపాడు. మేలు చేశాననే అనుకున్నాడు పాపం.

చిన్నమ్మ పత్రిక తెరిచి, చదివి, మూసి, అందరికీ అన్నం పెట్టింది. మర్నాడు నన్ను తీసుకొని ఆ ఆఫీసుకు పోయింది. ఆయన కుర్చీలో నుంచి లేచి నమస్కారం పెట్టి, టీ తెప్పించి, పుస్తకంగా వచ్చినప్పుడు మీ ఇష్టమున్నట్టు పెట్టుకోండమ్మా, పండుగ పూట మాత్రం నన్ను మన్నించండి అన్నాడు. ఆ మర్యాదకు ఆమె తల ఊపి, టీ తాగి లేచింది. తిరిగి వస్తూ, పోనీ పుస్తకంల సరిచేసుకుందాం, నా కాళ్లల్ల ఉన్నది ఎటు పోతది అన్నది. ఇంట్లో చిన్నాయనకు ఏమీ చెప్పలేదు. ఆయన పండుగ సంబరంలో ఉన్నాడు, చివరి భాగం చదివి కళ్లు తుడుచుకుంటూ ఉన్నాడు, ఎప్పుడో తీరిగ్గా చెప్పవచ్చనుకుంది.

ఆ తీరిక రాకముందే మెదక్ దగ్గర ఊళ్లో అమ్మమ్మకు పక్షవాతం వచ్చింది. చిన్నమ్మ పోయి నెలల తరబడి అక్కడే ఉండిపోయింది. ఇక్కడ చిన్నాయనకు ఒక ముచ్చట పుట్టింది. దఫ్తర్ అయిపోగానే పుస్తకాలు వేసేవాళ్ల చుట్టూ తిరిగి తిరిగి, చివరికి ఒకాయనను ఒప్పించి, తాను కుట్టిన ఆ సీరియల్ పుస్తకాన్ని పట్టుకెళ్లి ఇచ్చాడు. ప్రెస్సువాళ్లు దాన్ని ముందు పెట్టుకొని ఉన్నదున్నట్టు అక్షరాలు పేర్చారు. చిన్నమ్మకు చెప్పకూడదు, వచ్చేసరికి చేతిలో పెట్టాలి, అదీ ఆయన సరదా. నాకు కూడా చెప్పలేదు, చెబితే నా కడుపులో దాగదని ఆయన నమ్మకం.

ఆమె ఊరి నుంచి వచ్చిన రోజు, కాళ్లు కడుక్కొని లోపలికి రాగానే, పళ్లెంలో పసుపు కుంకుమలతో పుస్తకం పెట్టి ఆయన ముందుకు వచ్చాడు. ఆమె ముఖం ఒక్కసారి వెలిగింది. వెంటనే పుస్తకం వెనక నుంచి తెరిచింది. నేను ఆమె ముఖమే చూస్తున్నాను. ఆయన కూడా ఆమె ముఖమే చూస్తున్నాడు, పరీక్ష రాసి ఫలితం కోసం నిలబడ్డ పిల్లవాడిలా.

"ఆఖరుకొచ్చేసరికి ప్రెస్సోళ్లు గూడ ఏడ్చిన్రట" అన్నాడు. "నాకైతే ఎన్నిసార్లు చదివినా ఏడుపు ఆగదు. ఎంత మంచిగ రాసినవ్!"

చిన్నమ్మ పుస్తకం మూసింది. ఆయన వైపు చూసింది. "మంచిగ వచ్చింది" అన్నది.

తర్వాత వంటింట్లో నా భుజం పట్టుకొని, ఆయనకు ఎప్పటికీ చెప్పకు, ఎంత ముచ్చటపడి చేసిండో చూసినవ్ గద అన్నది. నేను ఏడ్చాను, ఆమె ఏడవలేదు. నాకు ఇద్దరి మీదా కోపం వచ్చింది, ఆయన మీద అడగకుండా చేసినందుకు, ఆమె మీద అడగనందుకు. పెద్దయ్యాక, ఉద్యోగంలో చేరాక, ఒకసారి మళ్లీ కదిలించాను. రెండో ముద్రణ ఏదైనా వస్తే మార్చుకోవచ్చు కదా, ఆయనతో నేను మాట్లాడతాను అన్నాను. "నా పేరు మీద ఒక తప్పు ఉంటే ఉండనీ, ఆయన పానం మీద ఎందుకే" అన్నది. అంత నిష్ఠూరమైన నవల రాసిన మనిషి ఇంత మెత్తగా ఎట్లా మాట్లాడుతుందని నాకు మండిపోయేది. ఆ తర్వాత ఆమె మార్కెట్‌కు చాలా ఏళ్లు నడిచింది, పెదవులు మాత్రం కదిలేవి కావు. చిన్న చిన్న కథలు కొన్ని రాసింది, ఇంకో నవల రాయలేదు. ఎందుకు రాయలేదని ఎవరైనా అడిగితే, చెప్పవలసిందంతా ఒక్కదాంట్లోనే చెప్పేసిందని చిన్నాయన గర్వంగా జవాబిచ్చేవాడు.

ఇదంతా మనసులో తిరుగుతుండగా సభ అయిపోయింది. టీలు ఇస్తున్నారు. ఆ అమ్మాయి మా దగ్గరికి వచ్చి, మోకాళ్ల మీద కూర్చొని, చిన్నాయన కాళ్లకు దండం పెట్టి, నా వైపు తిరిగింది. నవలంతా పైకి చదివి చూశానని, ఎక్కడా ఊపిరి తడబడలేదని, చివరి పేజీకి వచ్చేసరికి నాలుక ప్రతి వాక్యానికీ తగులుకుంటున్నదని చెప్పింది.

"అమ్మా, ఒక్క మాట. ఆ ఆఖరి పేజీ ఆమెదేనా? కాదని మీరంటే ముందుమాట మొత్తం మార్చి రాస్త. పుస్తకం ఇంకా ప్రెస్సుకు పోలేదు."

ఎన్ని ఏళ్లు ఎదురుచూసిన ప్రశ్న అది! చిన్నమ్మ బతికి ఉండగా ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు అడగలేదు. అప్పటిదాకా సగం సగమే విన్న మా చిన్నాయనకు సరిగ్గా ఆ మాట వినపడింది.

"మరి ఇంకెవరు రాస్తరమ్మా? నేనే గద సొంత చేతులతోటి అచ్చుకిచ్చింది" అని నవ్వి, చూపు లేని కళ్లు నా వైపు తిప్పాడు. "చెప్పు బిడ్డా, నీకు యాదుంది గద?"

ఔ అన్నాను. ఆ అమ్మాయి నన్ను కాసేపు చూసింది, నమ్మలేదని తెలుస్తూనే ఉంది. అయినా లేచి, నా భుజం తట్టి వెళ్లిపోయింది. కింద నడిరోడ్డు మీద ఆటో కోసం నిలబడితే చిన్నాయన, సభ మంచిగైంది, ఆ పిల్ల ఎవరో గాని హుషారున్నది అన్నాడు.

ఇప్పుడు ఇది రాస్తున్నావు కదా, ఆయనకు తెలియదా అని మీరు అడగవచ్చు. ఆయనకు వార్తాపత్రిక నుంచి మందుల చీటీ దాకా చదివి వినిపించేది నేనే, దీన్ని మాత్రం చదవను. మీలో ఎవరైనా ఆయనను ఎరిగినవాళ్లుంటే, మీకు దండం పెడతాను, నోరు జారకండి. ఆ అమ్మాయి చూస్తే చూడనీ. ఆధారం అడిగితే నా దగ్గర కాగితం ముక్క కూడా లేదు. పోనీ ఆ చివరి పేజీ చెప్పమన్నా నాకు ఇప్పుడు బెంచీ గుర్తుంది, ముసలామె గుర్తుంది, ఎక్కడా ఆగకుండా చదివిన సంగతి గుర్తుంది. ఆ వాక్యం గుర్తులేదు. ఎన్నోసార్లు నాంపల్లి నుంచి మార్కెట్ దాకా నడిచి చూశాను. ఆ ట్రాఫిక్‌లో, ఆ హారన్లలో, నా మోకాళ్లతో, ఏదీ తిరిగి రాలేదు.

పోయిన నెల కొత్త పుస్తకం వచ్చింది. అట్ట బాగుంది, అక్షరాలు పెద్దవిగా వేశారు. చిన్నాయన దాన్ని వాసన చూసి, ఒళ్లో పెట్టుకొని తడిమి, ముందుమాట చదవమన్నాడు. మొదటి పేజీలన్నీ పొగడ్తే, ఆయన తల ఊపుతూ విన్నాడు. తర్వాత ఆ మాట వచ్చింది, లొంగుబాటు అనే మాట, దాని కింద ఇంకా కఠినమైనవి, పేజీన్నర. నేను ఆగాను. ఏమైంది అన్నాడు. కళ్లజోడు తుడుచుకుంటున్నానని చెప్పి, ఆ పేజీన్నర స్థానంలో నోటికొచ్చింది చదివాను. ఈ ముగింపు రాయడానికి ఎంతో చల్లని మనసు ఉండాలని, ఇలాంటి ముగింపు తెలుగులో మరొకటి లేదని, అచ్చులో ఉన్నట్టే, ఊపిరి తడబడకుండా చదివాను. ఆయన కళ్ల వెంట నీళ్లు కారాయి. ఆనాడు ఆ సంపాదకుడు ఎందుకు కలం పట్టుకున్నాడో నాకు అప్పుడు అర్థమైంది, అర్థమైనందుకు నా మీద నాకే అసహ్యం వేసింది.

ఇప్పుడు రోజులు మారాయి. ఆడపిల్లలు తమ పుస్తకం తామే వేసుకుంటున్నారు, అడగకుండా కామా కదిపినా ఊరుకోరు, పండుగ సంచికల కోసం ఎదురుచూసేవాళ్లూ లేరు, సీరియళ్లు కుట్టుకునే దబ్బనాలూ లేవు. మారినవన్నీ చిన్నమ్మ కోరుకున్నవే. అవన్నీ వచ్చేనాటికి ఆమె లేదు, ఉన్న నాకు నోరు లేదు. చిన్నాయన మాత్రం రెండు మూడు రోజులకొకసారి ఆ ముందుమాట చివరి భాగం మళ్లీ చదవమంటాడు. నిన్న కూడా అడిగాడు. మొదటిసారి ఏమని చదివానో సరిగ్గా గుర్తులేక, ఈసారి ఇంకొంచెం బాగా చదివాను.